మూడు వాట్ల గజ్జెలు

మేం రేకులు నొక్కే ప్రెస్ షాపు వాళ్లం, అందుకని మా కంపెనీలో ఏటా చెవుల పరీక్ష చేస్తారు. గేటు పక్కన ఒక వ్యాను ఆగుతుంది. దాని లోపల బీరువా అంత గది. అందులో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమంటారు. పోయినసారి నా వంతు వచ్చింది. మొదట బూర ఊదినట్టు కొన్ని వినపడ్డాయి, నొక్కాను. తర్వాత ఏమీ లేదు. మిషనేదో మొరాయించింది కాబోలు, బాగుచేసుకుంటున్నారనుకుని కాళ్లు చాపుకుని హాయిగా కూర్చున్నాను. పటాన్‌చెరులో అంత నిశ్శబ్దం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? కాసేపటికి ఒక అమ్మాయి తలుపు తీసి, "అయిపోయింది సార్, రండి" అంది.

"గదేందమ్మా, ఇంకా షురూనే కాలే గద" అన్నాను.

ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. సన్నటి శబ్దాలు వినపడటం తగ్గుతోంది సార్, ప్రెస్ షాపులో పనిచేసేవాళ్లకు మామూలేనని చెప్పి, తర్వాతి మనిషిని పిలిచింది. మామూలేనట! నీ చెవులైతే తెలిసేది తల్లీ అనుకుంటూ బయటికి వచ్చాను.

నేను నమ్మలేదు. నా దగ్గర నా సొంత పరీక్ష ఉంది. పెళ్లైన కొత్తలో సంగారెడ్డి బస్టాండు దగ్గర నేనూ మా ఆవిడా కలిసి కొన్న క్యాసెట్‌లో ఒక పాట ఉంది. పల్లవి అయిపోయి చరణం ఎత్తుకునే ముందు గజ్జెలు ఘల్లుమంటాయి. ఆ పాట నాకు అంతగా నచ్చింది గొంతు కోసం కాదు, ఆ గజ్జెల కోసమే. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఫోన్‌లో అదే పాట పెట్టాను. పల్లవి వచ్చింది. చరణం వచ్చింది. మధ్యలో గజ్జెలు రాలేదు.

వెంటనే ఫోన్‌ను తిట్టాను. అగ్గిపుల్లంత స్పీకరు, దానికి గజ్జెలు ఎక్కడివి? బ్లూటూత్ డబ్బా కొన్నాను, అందులోనూ లేవు. అటక మీది టేపు దించి, దుమ్ము దులిపి, పాత స్టీరియోకి కలిపాను. అందులోనూ లేవు. ప్రతిసారీ పెట్టెనే తిట్టాను. గజ్జెలు పోయింది పెట్టెలోనా, నా చెవిలోనా అన్నదే ప్రశ్న. పెట్టెలోనే పోయాయని తేలాలంటే ఇంకా మంచి పెట్టె కావాలి. భయమేస్తోందని ఎవరికీ చెప్పలేదు. గజ్జెల సంగతీ చెప్పలేదు. "ఈ డబ్బా సప్పుడు మంచిగ లేదు" అని మాత్రం అందరికీ చెప్పాను.

నా పక్క ప్రెస్ మీద పనిచేసే స్నేహితుడికీ అదే చెప్పాను. అతనిది గోదావరి జిల్లా. కుర్రతనంలో ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పాటల పిచ్చోడు.

"బావా, నీక్కావాల్సింది వాల్వుల యాంప్లిఫయరు, పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లుంటాయి చూడు, అవి" అన్నాడు. "అందులోనూ సింగిల్ ఎండెడ్. మామూలు వాటిల్లో పాటని రెండు ముక్కలు చేసి ఇద్దరు మోస్తారు. ఇందులో ఒక్క వాల్వే పాటంతా మోస్తుంది. అతుకు లేదు, గితుకు లేదు. విన్నావంటే ఇంక దేన్నీ వినవు."

ఆన్‌లైన్‌లో వెతికాం. ధర చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ డబ్బుకి ఒక మోటారు బండి వస్తుంది. ఇంతా చేసి దాని శక్తి మూడు వాట్లు. ఈ మాట విని మా ఆవిడ గరిట పట్టుకునే వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"మూడు వాట్లా? మన నైట్ బల్బు గూడ గంతకన్న ఎక్కువుంటది గదయ్యా! మొన్న మా అన్న బిడ్డ పెండ్లిల డీజే సప్పుడుకు స్టీలు గిన్నెలు బోర్ల పడ్డయి. గది సప్పుడంటే."

"ఇది ఇంట్ల ఇనేది."

"ఇంట్ల ఇననీకి నేనున్న సాలదా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక్కడ మా ప్రెస్ షాపు భాష గురించి చెప్పాలి. మిషన్లు నడిచేటప్పుడు నోరు పనికిరాదు. అన్నీ చేతులతోనే. గుప్పిట బిగిస్తే ఆగు. చూపుడు వేలు గుండ్రంగా తిప్పితే ఇంకో పీసు వెయ్యి. బొటనవేలు గడ్డానికి ఆనిస్తే పీసు బాగుంది. చెవి తమ్మె లాగితే సూపర్‌వైజర్ వస్తున్నాడు, నవ్వు ఆపు. అంకెలు వేళ్లతో. కొన్నాళ్లకి ఇది ఒంటికి పడుతుంది. నేను ఇంట్లో కూడా అన్నం వద్దంటే గుప్పిట బిగించేవాణ్ని. మా ఆవిడ మొదట్లో కొట్టబోతున్నాననుకుంది, తర్వాత నేర్చుకుంది. డీజే పెట్టిన పెళ్లిళ్లలో ప్రశాంతంగా మాట్లాడుకునే దంపతులం మేమిద్దరమే.

ఒక ఆదివారం నా స్నేహితుడు పరుగున వచ్చాడు. పటాన్‌చెరులో తుక్కు కొట్టు ముందు నుంచి వెళ్తుంటే వాల్వులు కనపడ్డాయట. ఇద్దరం వెళ్లాం. ఆశ పడ్డట్టు కనపడకూడదు, ఏదో ఇనుప స్టాండు కోసం వచ్చినట్టు నటించాలి, అసలు మాటలు ప్రెస్ షాపు సైగలతో నడిపించాలి, ఇదీ మా పథకం. దారి పొడుగునా మా తెలివికి మేమే మురిసిపోయాం.

తుక్కు కొట్టాయన పాన్ నములుతూ కాటా పక్కన కూర్చున్నాడు. పొట్ట పెద్దది, మీసం ఇంకా పెద్దది. విరిగిన కుర్చీల కింద నిజంగానే ఉంది, ఎవరో చేత్తో చేసుకున్న యాంప్లిఫయరు. అరచేయంత వాల్వులు రెండు, వాటి వెనక ఇటుకల్లాంటి ట్రాన్స్‌ఫార్మర్లు. నేను దాన్ని చూడనట్టే ఇనుప స్టాండు రేటు అడిగాను. నా స్నేహితుడు పక్కనుంచి బొటనవేలు గడ్డానికి ఆనించాడు. ఆనించి తీయడే! నేను చెవి తమ్మె లాగాను. నాలుగు వేళ్లు చూపించాను, నాలుగు వేలకి మించొద్దని. అతను రెండు వేళ్లు చూపించాడు, రెండు నుంచి మొదలెడదామని. ఇదంతా తల గోక్కున్నట్టు, దోమను తోలినట్టు చేస్తున్నాం.

కొట్టాయన పాన్ ఉమ్మేసి వచ్చాడు. మా ఇద్దరి మధ్య నిలబడి బొటనవేలు గడ్డానికి ఆనించాడు. తర్వాత చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించాడు. తర్వాత గుప్పిట బిగించాడు.

ఇద్దరం చేతులు వెనక్కి దాచుకున్నాం.

"నేను గూడ ప్రెస్ షాపుల చేసినోన్నే అన్నా" అన్నాడు. "ఇగో, గీడ సూడుండ్రి. అండ్లనే పోయింది." చూపించిన చేతికి ఉంగరం వేలు సగమే ఉంది.

నా స్నేహితుడు తల కొట్టుకున్నాడు. నాకు మాత్రం ఎక్కడిదో ధైర్యం వచ్చింది. "అన్నా, నువ్వు సూపిచ్చింది మూడున్నరనే గద" అన్నాను.

ఒక్క క్షణం కొంపలు మునిగాయనుకున్నాను. ఆయన తన చేతిని తిప్పి చూసుకుని, పొట్ట ఊగేలా నవ్వాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "తీస్కపో అన్నా, మూడున్నరకే తీస్కపో. గీ వేలు పోయినంక గిప్పుడే ఫాయిదా అయ్యింది" అన్నాడు.

సంగారెడ్డిలో పాత టీవీల మెకానిక్ దగ్గర పాడైనవి మార్పించి, తర్వాతి ఆదివారం ముందుగదిలో స్టూలు మీద పెట్టాను. టేపూ, పాత స్టీరియో స్పీకర్లూ దానికి కలిపి స్విచ్ వేశాను. వాల్వుల్లో పొయ్యిలో చివరి నిప్పులా ఎర్రగా వెలుగొచ్చింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూసి, "దాని మీద అప్పడం కాలుతదా?" అంది. క్యాసెట్ పెట్టాను.

ఏం పలికిందండీ! గాయకుడు మా కుర్చీలోనే కూర్చుని పాడినట్టుంది. ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. పల్లవి అయిపోవస్తోంది. స్పీకరు దగ్గరికి వంగాను. చరణం మొదలైంది.

గజ్జెలు రాలేదు.

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. రాలేదు. "క్యాసెట్ అరిగిపోయింది" అన్నాను.

"ఏం అరిగింది? మంచిగనే ఉన్నది గద" అంది మా ఆవిడ.

"గజ్జెలు రాలే."

"ఎందుకు రాలే? ఘల్లుఘల్లు ఒకటే మోగుతున్నయి. మొన్న ఫోన్ల గూడ మోగినయి."

నేను టేపు ఆపేశాను. "ఫోన్లనా? మరి జెర చెప్పద్దా?"

"నువ్వు డబ్బా సప్పుడు మంచిగ లేదంటివి. గజ్జెలని ఎన్నడన్న అడిగినవా?" అంటూనే ఆగిపోయింది. నా మొహం చూసింది. గరిట పక్కన పెట్టేసింది. వ్యాను నుంచి వచ్చిన రోజు సంగతి అప్పుడు చెప్పాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "మూడు వాట్లకే గిట్ల ఏడుస్తే, డీజేకు ఎట్లేడుస్తవో" అంది. తన కళ్లూ చెమ్మగిల్లాయి. "ఇగ పెట్టు."

పెట్టాను. పల్లవి నడిచింది. అది అయిపోయే చోట ఆమె కుడిచెయ్యి పైకెత్తి, ఐదు వేళ్లూ గబగబా ఆడించింది. చరణం ఎత్తుకోగానే ఠక్కున గుప్పిట బిగించింది. ప్రెస్ షాపులో గజ్జెలకు సైగ లేదు, అప్పటికప్పుడు తనే కట్టింది. రెండో చరణం ముందు మళ్లీ వేళ్లు ఆడాయి. గాజులు కదులుతున్నాయి, అవి నాకు వినపడలేదు. కానీ గజ్జెలు నాకు గుర్తున్న చోటే, గుర్తున్నంతసేపే ఉన్నాయి.

పాట అయిపోయింది. నేను టేపు ఆపబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి, చూపుడు వేలు గాలిలో గుండ్రంగా తిప్పింది. ఇంకో పీసు వెయ్యమని.

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను.