మెసియమ్మ నోటి మాట

లిస్బన్‌కు తూర్పున ఉన్న ఎవొరా అనే ఊళ్లో దస్తావేజులు రాసే నోటరీ ఐరెష్‌ది మొండిపట్టు. రాయించే మనిషి నోటితో "ఔను" అనడం తన చెవులతో వింటేనే తోలుకాగితం మీద తన గుర్తు గీసేవాడు. తలూపితే చాలదు, సైగ చేస్తే చాలదు. "నీ చాదస్తం తగలెయ్య!" అని భార్య రోజూ సాధించేది. కానీ అతని గుర్తు లేని దస్తావేజు ఉత్త మేకతోలేనని ఊరందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆ పట్టే అతని మెడకు చుట్టుకుంది. బానిస జహ్రాను విడిచిపెడతాను, రమ్మని విధవరాలు మెసియమ్మ పొద్దున కబురు పంపింది. అతను వెళ్లేసరికి పక్షవాతం వచ్చి ఆమె మాట పడిపోయింది. ఆమె ఇలాగే పోతే జహ్రా, మెసియమ్మ తమ్ముడైన లోపు అనేవాడి సొత్తవుతుంది. లోపు అప్పుడే ఆ పిల్లను అమ్మడానికి లిస్బన్ బేరగాడితో మాట్లాడేసుకున్నాడు.

ముగ్గురు సాక్షుల ముందు ఐరెష్ చదివాడు: "నా బానిస జహ్రా నేటినుంచి స్వతంత్రురాలు. ఔనా అమ్మా?"

ఆమె తలూపింది. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

"తలూపిందిగా సామీ, గీసెయ్!" అన్నాడు చెప్పులు కుట్టే సాక్షి.

"చాలదయ్యా," అన్నాడు ఐరెష్. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్కడే నిలబడ్డ లోపు బాకు పిడి మీద చెయ్యి వేసి నవ్వాడు. "నీ నియమం బంగారం, ఐరెష్! ఇక సిరా మూసెయ్."

జహ్రా మంచంకోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. ఐరెష్ గొంతు సవరించుకుని మళ్లీ చదివాడు, ఈసారి గట్టిగా. "నా బానిస జహ్రాను నా తమ్ముడు లోపుకే ఇస్తున్నాను. ఔనా అమ్మా?"

మంచం కిర్రుమంది. "కా...దు! వాడికి కాదు! దాన్ని... వదిలెయ్!"

"విన్నాం! విన్నాం!" సాక్షులు ముగ్గురూ ఒక్కసారిగా అరిచారు.

"మోసం!" లోపు బాకు సగం లాగాడు. రొట్టెలమ్మే భారీకాయుడైన సాక్షి అడ్డంగా నిలబడ్డాడు.

"చదవడంలో పొరపాటయ్యా, కళ్లు మసకలు. అమ్మగారే దిద్దారుగా," అన్నాడు ఐరెష్. ఉన్నది ఉన్నట్టు మళ్లీ చదివాడు. "ఔను," అంది మెసియమ్మ. అతను తన గుర్తు గీశాడు.

లోపు గుమ్మం దగ్గర ఆగి, "జహ్రా! నా పైబట్ట పట్రా!" అని కసిరాడు.

అలవాటుగా లేవబోయిన జహ్రా మళ్లీ కూర్చుంది.

"మేకుకే ఉంది బాబూ," అంది. "తీసుకోండి."