వదిన కంటి ఎత్తు

పొడుగు మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆరడుగుల మీద ఇంకో నాలుగు వేళ్ళుంటాడు. తన షెడ్డుకు తనే పెట్టుకున్న గుమ్మం తనకే తగిలి, నుదుటి మీద ఒక బొప్పి శాశ్వతంగా నిలిచిపోయింది. "ఆ గుమ్మం కాస్త ఎత్తు చేయించుకోకూడదటండీ?" అని భార్య ముప్పై ఏళ్ళుగా అంటోంది. "తప్పు గుమ్మానిది కాదు, చూసుకోని వాడిది" అంటాడు. మర్నాడు మళ్ళీ కొట్టుకుంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అయితేనేం, పాత కార్ల పనిలో అంత చేయి తిరిగినవాడు చుట్టుపక్కల లేడు. ఆ మాట ఎవరైనా అనేలోపే ఆయనే అనేస్తాడు, అదొక్కటే చిక్కు.

పని నేర్పింది అన్న. అన్న పోయి ఆరేళ్ళయింది. పోతూ పోతూ తమ్ముడికి షెడ్డునూ, భార్యకు అతుకుల బొంతనూ వదిలి వెళ్ళాడు.

అతుకుల బొంత అంటే కారండీ. పెళ్ళయిన కొత్తలో అన్న తన చేతులతో కట్టిన కారు. ఒక పాత బండి ఛాసీ, ఇంకోదాని తలుపులు, మూడోదాని దీపాలు, డాష్‌బోర్డు బదులు విరిగిన బీరువా చెక్క. బెల్లం రంగు. బానెట్ మాత్రం ఏ బండిదీ కాదు. చదును రేకును సుత్తితో కొట్టి కొట్టి అన్నే చేశాడు. అది నేలకు వంగి దణ్ణం పెడుతున్నట్టు బాగా అణిగి ఉంటుంది. "ఏంటన్నా, రేకు చాల్లేదా?" అని అప్పట్లో తమ్ముడు ఆట పట్టిస్తే అన్న నవ్వేసి ఊరుకున్నాడు. అన్నది అదో స్వభావం. నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు, ఒక్క మాట విప్పి చెప్పేవాడు కాదు.

వదిన నర్సుగా చేసి రిటైరయింది. మనిషి నాలుగున్నర అడుగులుంటుందేమో, అదీ చెప్పులతో కలిపి. ఆసుపత్రిలో అందరూ చిట్టి నర్సమ్మ అనేవారు. రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. మంచం పట్టిన ముసలివాళ్ళ ఇళ్ళకు, వారానికి తొమ్మిది ఇళ్ళకు, ఆ కారేసుకుని వెళ్ళి పుళ్ళు కడిగి కట్లు మార్చి వస్తుంది. ఆవిడ రాకపోతే ఆ తొమ్మిదిమందికీ వచ్చే దిక్కు లేదు.

అలాంటిది ఒక పొద్దున ఆ కారు ఇంజన్ బ్లాకు నిలువునా పగిలింది. మేస్త్రి అంతకుముందే దానికి రెండుసార్లు వెల్డింగ్ పెట్టాడు. మూడోసారి దాని మీద చేయి వేసి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంజనే చెప్పింది కదమ్మా, ఇంక చాలని. ఈ వయసులో నీకు కారేంటి?" అంది వదిన కూతురు, షెడ్డులో అందరి ముందే.

వదిన వాదించలేదు. మరిది వైపు తిరిగి, "ఏమయ్యా, ఇంకో ఇంజన్ చూడు. ఏదన్నది నీ ఇష్టం, నీకు తెలియనిదా? బండి నాకు కుదిరితే నడుపుతాను. కుదరలేదా, తాళం నీ చేతిలో పెట్టేస్తాను. మళ్ళీ దాని ఊసెత్తను" అంది. ఒక మాట అందంటే అంతే. ఆవిడ మాట మీద నిలబడే మనిషి.

మేస్త్రి ఆ మధ్యాహ్నమే తుక్కు కొట్టుకు పరిగెత్తాడు. ఆ కొట్టు ఆసామిని వీధిలో అందరూ తుక్కు బాబాయ్ అంటారు. బాబాయ్ మూడు ఇంజన్లు చూపించాడు. మొదటిది చచ్చిపోయినదానికి తోబుట్టువే గానీ, దానికి విడి భాగాలు ఇప్పుడెక్కడా దొరకవు. రెండోది ఆరు సిలిండర్లది, ఎవరో మిల్లు యజమాని కారులోంచి దించినది. ఇంత ఎత్తున, నిటారుగా, పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. మూడోది కూరగాయలు మోసే చిన్న వ్యానుది. డ్రైవరు సీటు కింద ఇమడాలని దాన్ని పక్కకు ఒరిగేలా కట్టారు.

"ఇది ఇంజనా బాబాయ్, జ్వరమొచ్చి పడుకుందా?" అన్నాడు మేస్త్రి.

"నవ్వకు. నీ కారు బరువుకు అదే ఎక్కువ. ఆ ఆరు సిలిండర్లు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం" అన్నాడు బాబాయ్.

"మా వదిన కారులో కూరగాయల బండి ఇంజన్ పెడితే నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు. పెద్దదే నాకు ఉంచు, వారంలో చెప్తాను."

ఆయనకొక పద్ధతుంది. ఏ ఇంజనైనా తెచ్చేముందు దాని కొలతలకు సరిగ్గా ఒక చెక్కపెట్టె చేసి, కారులో దించి చూస్తాడు. ఇదీ అన్న నేర్పిందే. పెట్టె చేశాడు, దించాడు, బానెట్ మూశాడు. మూతపడలేదు. బెత్తెడు ఎత్తు ఎక్కువైంది.

ఎక్కువైతే మేస్త్రికి లెక్కా? బానెట్‌కు మధ్యలో కన్నం కోసి, పైన మూపురంలా ఒక రేకు డొప్ప బిగిస్తే సరిపోతుంది. మూడు రోజులు కూర్చుని ఆ డొప్పను కొట్టాడు. ఎంత నునుపుగా వచ్చిందంటే, దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. కోసే ముందు ఒకసారి వదినకు చూపిద్దామని పెట్టె తీసేసి, మూసిన బానెట్ మీద దాన్ని ఊరికే నిలబెట్టి కబురు పంపాడు. అన్న చేసిన బానెట్ కంటే తనదే బాగుందని వదిన నోట వినాలని ఆయన కోరిక. దాచడమెందుకు, ఉన్న మాటే.

వదిన వచ్చింది. కారెక్కి తన సీట్లో కూర్చుంది. స్టీరింగ్ పట్టుకుని కాసేపు ముందుకు చూసింది. మెడ కాస్త ఇటు సాచింది, అటు సాచింది. దిగింది.

"బాగుందయ్యా. చాలా శ్రద్ధగా చేశావు" అంది. చేతి సంచిలోంచి తాళం తీసి బల్ల మీద పెట్టింది. "దీన్ని నువ్వే ఉంచుకో. నాకూ వయసైపోయింది కదా."

మేస్త్రి ఏదో అనేలోపు ఆవిడ వీధిలోకి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి ఒంటికాలి మీద లేచాడు. "కూతురు నూరిపోసింది! లేకపోతే అంత మంచి ఇంజన్‌ను కాదంటుందా? అదే మా అన్న చేసుంటే అబ్బో ఆహా అని ఉండేది. చచ్చినవాడి కళ్ళు చారెడంట!"

భార్య కూర తరుగుతూ తల ఎత్తకుండా, "అక్క అలాంటి మనిషి కాదు. ఏం కుదరలేదో అడిగారా?" అంది.

"కుదరకపోవడమేంటి? నేను కూర్చుని చూశాను. రోడ్డంతా అద్దంలా కనబడుతోంది."

"మీరు కూర్చుంటే కనబడుతుందిలెండి. ముందు అన్నం తినండి" అంది ఆవిడ.

తిన్నాడు. తిని, ఎవరేమనుకున్నా బానెట్ కోసి తీరతానని మళ్ళీ షెడ్డుకెళ్ళాడు. గుమ్మం తగిలింది. కారును వెలుతురులోకి తోయాలంటే హ్యాండ్‌బ్రేకు దించాలి. అది ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. ఆ సీటు వెనక్కి జరగదు. అన్న దాన్ని ముందుకు లాగి వెల్డింగ్ పెట్టేశాడు, అదో పిచ్చిపని అని తమ్ముడు తిట్టుకోని రోజు లేదు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, సీట్లో నడుం జార్చి, బాగా కిందికి దిగి, రెండు చేతులతో బ్రేకు లాగాడు. అది వదిలింది. ఊపిరి పీల్చుకుని, అలా జారగిలబడే తల ఎత్తి ముందుకు చూశాడు.

రోడ్డు లేదు. వీధి లేదు. ఎదురింటి గేటు లేదు. అద్దం నిండా తాను మూడు రోజులు కొట్టిన మూపురమే ఉంది.

మేస్త్రి కదల్లేదు. కాళ్ళ దగ్గర చూశాడు. పెడళ్ళ మీద రెండేసి చెక్కలు బోల్టులతో బిగించి ఉన్నాయి. అన్నకు కొలతలు రావని తాను నవ్విన చెక్కలు. స్టీరింగ్ గొట్టం కిందికి వంచి ఉంది. తలుపు అద్దం అంచు మిగతా కార్ల కంటే జానెడు కింద ఉంది. సీటు ముందుకు ఉంది. బానెట్ అణిగి ఉంది. నలభై ఏళ్ళుగా ఒక్కొక్కదాన్నీ వేలెత్తి చూపించి నవ్వాడు. అన్నీ కలిపి చూస్తే అది ఒక మనిషి కొలత. నాలుగున్నర అడుగుల మనిషి దర్జాగా కూర్చుని లోకాన్ని చూసే కొలత.

"ఎంత మొద్దువెధవనిరా నేను" అన్నాడు పైకే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారు దిగి, తుడుచుకోవడానికి గుమ్మం పక్కన మేకుకు వేలాడే గుడ్డ అందుకున్నాడు.

ఆ గుడ్డ ఒక పురికొసకు కట్టి ఉంది. పురికొసకు పైన ఉచ్చు, కింద ఒక ముడి. అన్న కాలం నుంచీ అక్కడే వేలాడుతోంది. "ఏంటన్నా ఇది?" అని ఒకసారి అడిగితే, "కొలతలే" అన్నాడు అన్న. దేని కొలతో అడగాలని తమ్ముడికి అప్పుడు తోచనే లేదు. ఇప్పుడు తోచింది.

గుడ్డ విప్పి పారేసి, పురికొస పట్టుకుని వదిన ఇంటికి పరిగెత్తాడు.

వదిన వంటగదిలో తొమ్మిది కట్ల సామానూ తొమ్మిది పొట్లాలుగా కడుతోంది, తన బదులు ఎవరైనా తీసుకెళ్తారేమోనని. పురికొస చూడగానే ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఇది ఇంకా ఉందా! పెళ్ళయిన నెలకు మీ అన్న నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దీంతో కొలిచాడయ్యా. జాకెట్టు కుట్టిస్తాడేమో అనుకున్నాను. కూర్చున్న చోటు నుంచి కంటిదాకా కొలిచి ముడేశాడు."

"వదినా, కుర్చీలో కూర్చో."

"ఇప్పుడెందుకు?"

"కూర్చో అన్నానా!"

కూర్చుంది. మేస్త్రి అంత పొడుగు మనిషీ నేల మీద మోకాళ్ళేసి, ఉచ్చును కుర్చీ మీద ఆనించి, పురికొసను నిలువుగా సాచాడు. ముడి వదిన కంటి దగ్గరకు రాలేదు. కనుబొమ్మ దాటి, నుదుటి మీదికి వెళ్ళింది. రెండు వేళ్ళు పైకి.

ఆయన మళ్ళీ కొలిచాడు. మళ్ళీ రెండు వేళ్ళే.

"నువ్వు తగ్గిపోయావు వదినా" అన్నాడు.

"వయసొస్తే వెన్ను కుంగుతుందయ్యా. నర్సును, నాకు తెలియదా?" అంది ఆవిడ మెల్లిగా.

"మరి ఇన్నాళ్ళూ ఎలా నడిపావు?"

ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. "ఆస్పత్రి మలుపులో చిన్న గోడ ఉంది చూడు, అది కనబడి రెండేళ్ళయింది. అక్కడే ఉంటుందిలే అన్న నమ్మకం మీద తిప్పేస్తున్నాను. మెత్త వేసుకుంటే కాళ్ళు అందడం లేదు. ఎవరితో చెప్పను? నువ్వేమో మూడు రోజులు కష్టపడి చేశావు, బాగాలేదని ఎలా అనను?"

"అనాలి! నా మొహం మీదే అనాలి!" అని అరిచి, అరిచినందుకు తనే సిగ్గుపడ్డాడు. పురికొస మీద, అన్న ముడికి రెండు వేళ్ళ కింద, ఇంకో ముడి వేశాడు.

మర్నాడు తుక్కు కొట్టులో అడుగు పెడుతూనే, "బాబాయ్, ఆ జ్వరం ఇంజన్ ఇచ్చెయ్" అన్నాడు. బాబాయ్ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాడు. చిన్న ఇంజన్ కాబట్టి, పైగా పక్కకు ఒరిగింది కాబట్టి, పాతది ఉన్న చోట దిగి ఇంకా బెత్తెడు ఖాళీ మిగిలింది. అన్న బానెట్‌ను కోయకుండా, అన్న సుత్తితోనే, రెండు వేళ్ళు కిందికి దించాడు. అందుకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ తన బండి మీద వదినను అడ్డదారుల్లో తొమ్మిది ఇళ్ళకూ తనే తిప్పాడు. మూపురం షెడ్డులో పిల్లికి నీళ్ళు పెట్టడానికి పనికొచ్చింది.

పన్నెండో రోజు వదిన కారెక్కింది. ముందుకు చూసింది. మెడ సాచలేదు. తాళం తిప్పి, వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగింది. మేస్త్రి గుమ్మంలో వంగి నిలబడి నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నాడు. పావుగంటకు తిరిగొచ్చింది.

"ఆ గోడకు రంగేశారయ్యా! నీలం రంగు. నాకు తెలియనే తెలియదు" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

మేస్త్రి పురికొసను తీసి మేకుకు తగిలించాడు. ఈసారి దానికి గుడ్డ కట్టలేదు.

"ఏడాదికోసారి వచ్చి కుర్చీలో కూర్చో వదినా. కొలుస్తాను."

"ఎందుకు, ఇంకా పొట్టిదాన్నవుతాననా?"

"అయితే అవు. బానెట్ నేను దించుతాను."