ఆనందపురం బండిలో నాలుగో మనిషి

అప్పలసూరి ఆనందపురం జంక్షన్‌లో బస్సు దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. చేతిలో ఒక సంచి. అందులో బూట్లు, ఒక జత బట్టలు, పెళ్లాం గంగాలమ్మ కట్టిచ్చిన అన్నం. బస్సులో కూర్చుని కూర్చుని కుడి మోకాలు బిగుసుకుపోయింది. కొబ్బరిబొండాల బండి చాటుకి పోయి, ఎవరూ చూడటం లేదనుకున్నాక దాన్ని రెండు చేతులా పిసుక్కున్నాడు. తర్వాత కుంటకుండా నడవడం మొదలుపెట్టాడు. కాలు బాగాలేనివాడు కుంటకుండా నడవాలంటే మామూలు కష్టం కాదు. అతనికది కొన్నేళ్లుగా అలవాటైపోయింది.

దువ్వాడ అవతల ఒక పెద్ద ఫ్యాక్టరీ ఉంది. దాని ఫైర్ డిపార్ట్‌మెంటే ఒక ఊరంత ఉంటుంది. వరసగా ఎర్ర బండ్లు, పొద్దున్నే పెరేడు, మూడు షిఫ్టులు, క్యాంటీను. జాలరిపేటలో పుట్టి, మధ్యలో బడి మానేసి, కొన్నాళ్లు నాన్నతో తెప్ప మీద వేటకెళ్లి, పెళ్లయ్యాక అప్పలసూరి ఆ డిపార్ట్‌మెంటులో కాంట్రాక్టు ఫైర్‌మ్యాన్‌గా పడ్డాడు. అక్కడ ఎవడి పని వాడిదే. పంపు తిప్పేవాడు పంపు వదలడు. హోసు పరిచేవాడు హోసే పరుస్తాడు. హోసు చివర నీళ్లు చిమ్మే గొట్టాన్ని బ్రాంచి అంటారు. అప్పలసూరిది బ్రాంచి. మంటకెదురుగా నిలబడేవాడు కాబట్టి వాడికి కొంచెం గొప్ప. బ్రాంచి పట్టుకుని నిలబడితే వెనకనుంచి విజిల్ పడుతుంది, నీళ్లొస్తాయి. మళ్లీ విజిల్ పడితే ఆగుతాయి. ఇన్నేళ్లలో పంపు ఎటు తిప్పితే ఏమొస్తుందో అతను చూడాల్సిన పనే పడలేదు.

ఆనందపురంలో ఉన్నది చిన్న ఫైర్ పోస్టు. చుట్టుపక్కల గోడౌన్ల వాళ్లంతా కలిసి పెట్టుకున్న రేకుల షెడ్డు, ఒక పాత బండి, నలుగురు మనుషులు. ఆ నలుగురిలో ఒకడు మానేశాడు. ఫ్యాక్టరీకీ పోస్టుకీ మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు ఒకడే. అతని సూపర్‌వైజరు కృష్ణంరాజు అప్పలసూరిని పిలిచి చెప్పాడు.

"కొన్నాళ్లు వాడి బదులు వెళ్లి చూడు. నచ్చితే అక్కడే రాసేస్తాను. నచ్చకపోతే ఫ్యాక్టరీకే రాస్తాను. ఆదివారం సాయంత్రంలోగా చెప్పాలి. కొత్త కాంట్రాక్టులో పేరెక్కాక ఇక మార్చడం నా వల్ల కాదు."

పేటలో ఎవరిని అడిగినా ఫ్యాక్టరీయే అన్నారు. ఇంటి దగ్గరికే బస్సొస్తుంది. క్యాంటీన్ తిండి. ఏటా మెడికల్ ఉంటుంది గానీ, అంత పొడుగు లైన్లో డాక్టరు ఎవడి మోకాలూ వంచి చూడడు. గుంపులో గుంపుగా ఎలాగో గడిచిపోతుంది. గంగాలమ్మ అన్న గవర్రాజు కూడా ఆ డిపార్ట్‌మెంటే. వాడైతే నవ్వాడు.

"బోటొగ్గీసి తెప్పెక్కుతానంటావేటి బావా? ఎండ దెబ్బ తగిలిందేటి నీకు?"

అప్పలసూరి సంచి సర్దుకున్నాడు. ఆ ఆలోచన తనకి ఎందుకొచ్చిందో గవర్రాజుకి చెప్పలేడు. కారణం గవర్రాజే.

ఏడాది కిందట ఫ్యాక్టరీలో నూనె డ్రమ్ములుంచే గది అంటుకుంది. పొగలోకి వెళ్లే ప్రతివాడూ తన నంబరు బిళ్ళ గేటు దగ్గరి బోర్డుకి తగిలించి వెళ్లాలి. బయటికొచ్చాక తన బిళ్ళ తనే తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపలున్నట్టు. కానీ వీపున గాలి సిలిండరు మోసి, పొగలో ఊడిగం చేసి వచ్చినవాడికి యార్డు దాటి బోర్డు దాకా నడవడం నరకం. అందుకని ముందొచ్చినవాడు తన వాళ్ల బిళ్ళలు కూడా తీసి జేబులో వేసుకునేవాడు. ఎప్పట్నుంచో ఉన్న మర్యాద అది. పక్కవాడికి నాలుగడుగులు తప్పించాలన్న అభిమానమే గానీ అందులో చెడు లేదు. ఆ రోజు గవర్రాజు బయటికొచ్చాడు. బావ తనకంటే ముందే వచ్చేసి ఉంటాడనుకున్నాడు. రెండు బిళ్ళలూ తీసుకున్నాడు. ఆఫీసరు బోర్డు చూశాడు. ఖాళీ. అందరూ వచ్చేశారన్నాడు.

అప్పలసూరి లోపలే ఉన్నాడు. పొగలో దారి తప్పి, నేల మీద హోసుని తడుముకుంటూ, మోకాళ్ల మీద పాక్కుంటూ బయటపడ్డాడు. అప్పటికే అరిగిన మోకాలు ఆ రోజుతో పూర్తిగా పోయింది. బయటికొచ్చి మాస్కు పీకేసి చూస్తే యార్డులో మనిషి లేడు. అందరూ క్యాంటీన్లో ఉప్మా తింటున్నారు.

"ఓర్నీ, నువ్వింకా లోపలే ఉన్నావేటి బావా!" అన్నాడు గవర్రాజు, నోట్లో ముద్దతో. అందరూ నవ్వారు. అప్పలసూరీ నవ్వాడు. ఫిర్యాదు చేస్తే బావమరిది ఉద్యోగం పోతుంది. ఒక ప్లేటు తీసుకుని తనూ కూర్చున్నాడు. ఆ మధ్య ఒక పెళ్లిలో గవర్రాజు ఆ సంగతి తమాషాగా చెబితే పందిట్లో అందరూ నవ్వారు, గంగాలమ్మ తప్ప.

పోస్టులో పెద్ద మనిషి సన్యాసిరాజు. జుట్టంతా నెరిసినవాడు. మిగతా ఇద్దరు డ్రైవరు పైడిరాజు, బక్కపలచని మనిషి అప్పన్న. మొదటి రెండు రోజులూ ఏమీ జరగలేదు. బండి తుడుచుకున్నారు, వంకాయ కూర వండుకున్నారు, వంతులేసుకుని పడుకున్నారు. అప్పలసూరికి ఎంత పడుకున్నా నిద్ర చాలలేదు. ఒంట్లో ఎన్నాళ్లదో అలసట, అడుగున ఇసకలా పేరుకుని ఉంది.

మూడోనాడు మధ్యాహ్నం ఫోనొచ్చింది. దగ్గరి ఊళ్లో ఆదిలక్ష్మమ్మ అనే ఆవిడ గడ్డిమేటు అంటుకుంది. పక్కనే పశువుల పాక. వీళ్లు వెళ్లేసరికి మేటు సగం కాలింది, గాలి పాక వైపు తిరుగుతోంది. సన్యాసిరాజు పశువుల్ని విప్పడానికి పాకలోకి దూరాడు. పైడిరాజు జనాన్ని వెనక్కి తోస్తున్నాడు. అప్పన్న హోసు పరిచేసి, సన్యాసిరాజుకి సాయంగా పలుపులు కొయ్యడానికి పరిగెత్తాడు. అప్పలసూరి బ్రాంచి అందుకుని మంటకెదురుగా, ఒక కాలు ముందుకేసి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు నిలబడ్డాడు.

విజిల్ కోసం.

విజిల్ పడలేదు. నీళ్లు రాలేదు. వెనక్కి తిరక్కుండానే "వాటర్!" అని అరిచాడు. బ్రాంచి పట్టుకున్నవాడు మంట మీంచి కన్ను తిప్పకూడదు.

"ఏటయ్యా, గొట్టం అట్టుకుని దిష్టిబొమ్మలాగ నిల్సున్నావ్?" ఆదిలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంటూ అరిచింది. "పోటోకేటి? నా సాల కాలిపోతంటే నీకు పోటో కావాలేటి!"

సన్యాసిరాజు పాకలోంచి దూడని ఈడ్చుకొస్తూ కేకేశాడు. "ఓరి సూరీ! పంపుకాడ ఎవడున్నాడురా? ఎవడూ నేడు! నువ్వే ఎల్లి తిప్పుకోవాలెహె!"

అప్పలసూరి బ్రాంచి కింద పెట్టి బండి వైపు పరిగెత్తాడు. సగం దూరంలో మోకాలు తప్పుకుంది. దుమ్ములో బోర్లా పడ్డాడు. లేవబోతే కాలు లేవలేదు. ఊరు ఊరంతా చూస్తోంది. చేతుల మీద బండి దాకా పాకి, మెట్టు పట్టుకుని పైకి లేచి, కనిపించిన చక్రమల్లా తిప్పాడు. ఎక్కడో నీళ్లు చిమ్మాయి గానీ హోసులోకి రాలేదు. సన్యాసిరాజు దూడనొదిలేసి వచ్చి, అతని చెయ్యి తీసి ఇంకో చక్రం మీద పెట్టాడు.

"ఇది. మెల్లిగ తిప్పు. నాను బ్రాంచికాడకి ఎల్తాను. నా సెయ్యే సూడు. పైకెత్తితే పెంచు, దించితే తగ్గించు."

మేటు మిగల్లేదు. పాక మిగిలింది. ఆదిలక్ష్మమ్మ కాసేపు ఏడ్చి, కాసేపు తిట్టి, చివరికి ఒక బిందె నిండా మజ్జిగ తెచ్చింది. దిష్టిబొమ్మకి మాత్రం రెండు గ్లాసులు పోసింది.

తిరిగొచ్చాక షెడ్డు ముందు కూర్చున్నప్పుడు సన్యాసిరాజు అడిగాడు.

"ఆ మోకాలు ఎప్పట్నుంచిరా?"

"మోకాలా? ఏటీ నేదన్నా. కాలు జారింది."

"నా కాడ దాయకు. మొన్న బస్సు దిగి వత్తన్నప్పుడే సూసాను. కుంటకుండా నడాలని ఎంత అవస్త పడ్డావో! కుంటుకుని వచ్చీసినా ఇంకా బేగి వచ్చీసుందువు."

అప్పలసూరి తల దించుకున్నాడు. ఫ్యాక్టరీలో అన్నేళ్లు పక్కపక్కనే నిలబడిన మనుషులకి కనపడనిది ఇతనికి షెడ్డు గుమ్మంలోంచి కనపడింది. ఇక పంపించేస్తారు అనుకున్నాడు. సిగ్గుకంటే ముందు అలసటే వచ్చింది. మళ్లీ సంచి సర్దుకోవాలి, మళ్లీ బస్సెక్కాలి.

"నాకు ఎడం సెవి నేదు," అన్నాడు సన్యాసిరాజు. "పైడిగాడికి ఉబ్బసం, పొగలోకి పంపం. అప్పన్నకి బుజం లెగదు. మన నలుగుర్నీ కలిపి తూకమేసినా ఒక మనిసిన్నర తేలుతాం. అందుకే ఎవడికేటి పోయిందో అందరికీ తెలవాల. నువ్వు బ్రాంచి ఒగ్గీ. పంపు నేర్సుకో."

అప్పలసూరికి నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.

"మరి ఎవడైనా లోపల పడిపోతే ఎవడు మోత్తాడన్నా?"

సన్యాసిరాజు బండి వైపు చూస్తూ కూర్చున్నాడు. చెవిలో పడలేదేమోనని అప్పలసూరి మళ్లీ అడగబోయాడు.

"ఇన్నాను," అన్నాడు సన్యాసిరాజు. "మొయ్యలేం. లాగుతాం. అదీ కుదరకపోతే ఊరోల్లని కేకేత్తాం. అయినా పోతే పోతాడు. పడిపోయినాడని మాత్రం మాకు తెలుత్తాది."

ఆదివారం మధ్యాహ్నం అప్పలసూరి ఇంటికొచ్చాడు. గంగాలమ్మ హార్బర్లో అమ్మకం ముగించుకుని, మిగిలిన కానాగంత చేపల్ని గుమ్మంలో కూర్చుని కోస్తోంది. గవర్రాజు కూడా వచ్చి ఉన్నాడు. అక్కడ పంపు దగ్గర ఉండమన్నారని అప్పలసూరి చెప్పాడు.

"ఏటి బావా, గడ్డిమేట్లు బాగ ఆర్పినావంట?" అన్నాడు. "బ్రాంచి అట్టినోడివి, పంపు తిప్పడానికి ఎల్తావా? పేటలో నవ్వుతారు."

"నవ్వనీ," అంది గంగాలమ్మ.

"నువ్వు ఒల్లకుండే. మొగోల్ల మాటలివి." గవర్రాజు ఈ బావకి మంచే కోరాడు. అందులో అనుమానం లేదు. "సూడు బావా, ఫేట్రీలో నీకేటైనా అయితే పెద్దాసుపత్రి ఉంది, అంబులెన్సుంది, ఎంతమంది మనుసులో! అక్కడేటుంది? ముగ్గురు ముసిలోల్లు."

అది నిజమే. అప్పలసూరికీ తెలుసు. ఫ్యాక్టరీలో అతన్ని మోసుకుపోవడానికి వందమంది ఉన్నారు. కాలు సంగతి ఎవరికీ తెలియకుండా ఇంకో నాలుగేళ్లు లాగొచ్చు. ఆనందపురంలో ఆ కాలు ఆ ముగ్గురి మీద బరువు. ఏదో ఒకనాడు అది సన్యాసిరాజు ప్రాణమ్మీదకి తేవచ్చు. బస్సులో వస్తున్నంతసేపూ ఇదే. ఎటు తిప్పినా మనసు ఒక దగ్గర నిలవలేదు.

గవర్రాజు వెళ్లాక గంగాలమ్మ కత్తి ఆపింది.

"మావా, ఒక మాట అడుగుతాను. ఆ పెళ్లిలో మా యన్న సెప్పినప్పుడు నాను నవ్వనేదు. ఎందుకో తెలుసా? తెప్ప తిరగబడితే మనోల్లు ముందు తలకాయలు లెక్కెట్టుకుంతారు. ఆ తర్వాతే వల. నీ వోల్లందరూ ఉప్మా కాడికి ఎలిపోయారు."

"ఆడు కావాలని సెయ్యనేదే."

"సెయ్యనేదు. నాకూ తెలుసు, ఆడు నా యన్న. కావాలని సేసినోడైతే ఇంకోపాలి సెయ్యకుండా బయపెట్టొచ్చు. ఇదెలా ఆపుతావు? ఎక్కడ పడిపోతే నిన్ను సూత్తారో అది సెప్పు. మోత్తారా నేదా, అది తర్వాత."

అతను ఫోను తీసి కృష్ణంరాజుకి చేశాడు.

"రాజుగారూ, ఆనందపురం రాసీండి."

"ఆలోచించుకున్నావా? మళ్లీ మార్చమంటే కుదరదు. బ్రాంచి మనిషి అని రాయనా?"

"కాదండి. పంపు."

"అదేం? బ్రాంచి పట్టినోడివి కదా."

అప్పలసూరి గంగాలమ్మ వైపు చూశాడు. ఆమె చేప పొట్ట చీలుస్తోంది, తల ఎత్తలేదు. ఇక్కడ అబద్ధం చెప్పడం తేలిక. చెబితే ఆ ముగ్గురూ కూడా రేపు అతని కోసం అబద్ధం ఆడాల్సొస్తుంది.

"మోకాలు పాడైపోనాదండి. పరిగెట్టలేను."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఈ ఒక్క మాటతో రెండు ఉద్యోగాలూ పోవచ్చు.

"నువ్వు నాకు చెప్పలేదు, నేను వినలేదు," అన్నాడు కృష్ణంరాజు చివరికి. "అక్కడికి వచ్చేవాడు ఎవడూ దొరకట్లేదు కాబట్టి బతికిపోయావు. సన్యాసిరాజు ఫోన్ చేసి పంపు మనిషి కావాలన్నాడని రాసుకుంటాను, అంతే. రేపు పొద్దున్నే డ్యూటీ ఎక్కెయ్."

ఫోను పెట్టేసి అప్పలసూరి గోడకి చేరబడ్డాడు. సంతోషమేమీ కలగలేదు. రేపు మళ్లీ సంచి, మళ్లీ బస్సు, ఆ రేకుల షెడ్డు వేడి. చేపల చేతులు నీళ్లలో కడుక్కుంటూ గంగాలమ్మ గొణిగింది.

"సముద్రం నేని ఊరు. అక్కడేటి తింతావు, రోజూ వంకాయా?"

"ఎండుసేపలు కట్టీ. నలుగురికీ."

ఆమె లోపలికెళ్లి డబ్బాలు కదుపుతూ, ఏ చేపలు కట్టాలని అడిగింది. జవాబు రాకపోతే తొంగి చూసింది. అతను కాలు చాపుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.