నా మధ్యాహ్నం పాళీ

నీళ్ల పార్కుకు వెళ్లాల్సిన రోజుకు నేను ముందు రోజే అలసిపోయి ఉన్నాను. చీరల కట్ట ఒకటి ఆ పూట ఇచ్చేయాల్సి ఉంది. చీర వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించడం మా ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని. కత్తెర పట్టి పట్టి నా బొటనవేలి మొదట్లో కాయ కాసింది. ఆ కట్ట దించి నడుము వాల్చుదామనుకునేసరికి వీధిలోని ఆడవాళ్లంతా మా గదిలోకి వచ్చి కూర్చున్నారు. ఆరేళ్ల లోపు పిల్లలు ఎనిమిది మంది వస్తున్నారు. వాళ్లను మిట్టమధ్యాహ్నం ఎక్కడ పడుకోబెట్టాలి, ఏం తినిపించాలి, కాపలా ఎవరుండాలి అన్నది తేలాలి. అందరిలో పెద్దదాన్ని నేనే కనుక ఆ పని నా మీద పెట్టారు.

మేం పనికి వలస వచ్చి ఉండేది సూరత్‌లో, బమ్రోలి వైపు. మా ఆయనా మా అబ్బాయీ సాంచాలు నడుపుతారు. కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. మా గది గోడకు ఆనుకునే సాంచాల షెడ్డు. పగలూ రాత్రీ ఆ చప్పుడే. గోడకున్న మా దేవుడు రాజన్న పటం ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉంటుంది. వారానికి ఒక రోజు సాంచాలకు సెలవు. ఆ రోజున మగవాళ్లు కూడా వస్తారని పార్కు ప్రయాణం దానికే పెట్టుకున్నాం.

"గంత దూరం పోయి పండుకునుడేంది అక్కా? పండుకునేదానికి మన అర్రలు లేవా?" అంది పక్కింటామె.

"ఉన్నయి. నువ్వు నీ మొగనితోని గా జారుడుబండ మీద జారుతుంటె నీ బిడ్డను ఎవలు చూస్తరో అది చెప్పు," అన్నాను.

"నా మొగడా? నీళ్లు జూస్తె తానం యాదికొస్తదని ఆమడ దూరం ఉరుకుతడు."

అందరూ నవ్వారు. పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న మా కోడలు మాత్రం నవ్వలేదు. ఆమె ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు.

కిందటి ఎండాకాలం నా మనవణ్ని చంకనెత్తుకుని గుడికి పోయాను. ఆ రోజు జనం ఎక్కువ. వరస కదలలేదు. మధ్యాహ్నం పన్నెండు దాటినా దర్శనం కాకుండా వెనక్కి రావడానికి నాకు మనసొప్పలేదు. పిల్లవాడికి అప్పుడు రెండేళ్లు. నా కొంగు వాడి తల మీద కప్పి అలాగే నిలబడ్డాను. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. రాత్రి కాకముందే కళ్లు తేలేసి, చేతులు బిగుసుకుపోయి, నా ఒళ్లోనే కొట్టుకున్నాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి పంపారు. దేవుడు నిలబెట్టాడు. ఆ మాట నేను రోజూ అనుకుంటాను. ఎండలో తిప్పొద్దు, మధ్యాహ్నాలు చల్లగా పడుకోబెట్టండి అన్నాడు డాక్టరు.

కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి మాత్రం మధ్యాహ్నం పూట పిల్లవాణ్ని నాకు వదల్లేదు. దగ్గరలోనే కుట్టుమిషన్ల మీద పని ఆమెది. అన్నం గంట కొట్టగానే ఎండలో పరుగున ఇంటికి వచ్చి, వాడికి తినిపించి, జోకొట్టి, వాడికి కునుకు పట్టాక గడప బయట నుంచి పక్కింటామెతో "జర చూస్తుండు" అని చెప్పి, తను తినకుండానే మళ్లీ పరుగున పోయేది. నేను ఆ గదిలోనే దారాలు కత్తిరిస్తూ ఉండేదాన్ని. నేనున్నాను కదా బిడ్డా అనాలని ఉండేది. ఏ మొహం పెట్టుకుని అంటాను?

పార్కు ముందు రోజు అందరి ముందూ క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాను. నేను బడికి పోలేదు. మా నాయిన పని నుంచి వచ్చాక సుద్దముక్కతో నేల మీద దిద్దించిన అక్షరాలే నాకున్నవి. పదకొండింటికి పిల్లల్ని నీళ్లలోంచి తీయాలి. తడి బట్టలు మార్చాలి. పెరుగన్నం, ఉప్పు వేసిన మజ్జిగ. పన్నెండింటికల్లా నీడన పడుకోబెట్టాలి. మూడు దాటేదాకా ఎవరూ నీళ్ల వైపు పోకూడదు. కాపలాకు ఆడవాళ్లు రెండు పాళీలు. మగవాళ్లు సాంచాల మీద ఎలా పాళీలు మారుతారో అలాగే. వచ్చిన మనిషి సాంచా మీద చెయ్యి వేసేదాకా ముందు పాళీ మనిషి కదలకూడదని వాళ్లకో కట్టు. మేమూ అదే పెట్టుకున్నాం. వచ్చినామె పిల్ల మీద చెయ్యి వేయాలి. అప్పటిదాకా ఉన్నామె లేవకూడదు.

"బాబును నేను చూసుకుంట అత్తమ్మా. నువ్వు మిగిలినోళ్లను చూడు," అంది కోడలు, వెనక్కి తిరగకుండానే.

"నువ్వు గసొంటి జాగకు ఎన్నడు పోలేదు బిడ్డా. నీళ్లల ఆడుకో. వాని పాళీ నాకియ్యి," అన్నాను.

గరిట ఆగింది. "ఠీక్ ఛే. చూద్దాం," అంది ఆఖరికి. ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది. అవుననలేక కాదనలేక ఉన్నప్పుడు గుజరాతీలోకి పోతుంది.

మర్నాడు గేటు దగ్గరే మొదటి ఆటంకం. బయటి తిండి లోపలికి రానివ్వనన్నాడు కాపలా ఆయన. చిన్నపిల్లల పెరుగన్నం అని హిందీలో బతిమాలితే డబ్బా మూత తీసి, వాసన చూసి, పోనిచ్చాడు. పక్కింటామె తన పూరీల డబ్బా కూడా ముందుకు తోసింది. "యే భీ బచ్చే కా హై," అంది, ఇదీ పిల్లవాడిదే అని.

"బచ్చా కహాఁ హై?" పిల్లవాడెక్కడ అన్నాడాయన.

ఆమె తన బట్టతల మొగుణ్ని చూపించింది. కాపలా ఆయన నవ్వాపుకోలేక చెయ్యి ఊపాడు. ఆ నవ్వుతోనే లోపలికి పోయాం.

పదకొండు దాకా అంతా కాగితంలో ఉన్నట్టే జరిగింది. పార్కులో అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉండే చోటు నేను పొద్దున్నే వెతికి పెట్టుకున్నాను. హోటలు దాటిపోతే గోడ పక్కన నాలుగు బాదం చెట్లు, కింద పచ్చిక. పాటల మోతా, జారుడుబండల కేకలూ అక్కడికి అందవు. ఇంతకంటే మంచి చోటు దొరకదని దండం పెట్టుకున్నాను. పిల్లలు తిన్నారు. పాత చీరలు పరిచాం. తడి గుడ్డలతో మొహాలు తుడిచాం. పన్నెండయింది.

ఒక్కరూ పడుకోలేదు.

ఎనిమిది జతల కళ్లు ఆకుల వైపు చూస్తూ ఉన్నాయి. ఒకడు పక్కవాణ్ని గిల్లాడు. ఒకతి ఏడుపు మొదలుపెట్టింది. తట్టాం, కథ చెప్పాం, కసిరాం. నాతో పాటు కాపలా ఉన్న ముగ్గురూ చెమటలు కక్కుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నగా గాలి కూడా లేదు. మా వాడు నా ఒళ్లో అటూ ఇటూ దొర్లుతూ, "పండ్కోను బాపమ్మా, పండ్కోను," అని ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాడు. నుదుటి మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఏడ్చినందుకా, ఎండకా తెలియలేదు. రాజన్నా, ఇంకోసారి వద్దు, నా పాళీలో వద్దు అనుకున్నాను.

తల ఎత్తితే కోడలు నిలబడి ఉంది. తడి బట్టల్లో, జుట్టు నుంచి నీళ్లు కారుతూ. పొద్దుటి నుంచి ఆమె మొహంలో చూసిన సంతోషం అప్పుడు లేదు.

"ఇంక పండుకోలే?"

"పంటడు."

"ఇటియ్యి అత్తమ్మా."

"పావుగంట ఇయ్యి బిడ్డా. పండుకోకుంటె నేనే తెచ్చి నీ చేతిల పెడుత."

ఆమె నన్ను చూసింది, వాణ్ని చూసింది. చెయ్యి చాచబోయి ఆపుకుంది. పాళీ కట్టు గుర్తొచ్చిందో, నా మొహం చూసి జాలేసిందో. వెనక్కి తిరిగి, రెండడుగులకోసారి తల తిప్పుతూ పోయింది.

గుడ్డ మళ్లీ తడపడానికి దగ్గరలో నీళ్లు లేవు. వాణ్ని భుజాన వేసుకుని కుళాయి వెతుక్కుంటూ నడిచాను. మోకాళ్లు పట్టేశాయి. అలలు లేచే కొలను వెనకాల ఒక రేకుల షెడ్డు ఉంది. లోపల ఆ నీళ్లను తోసే మోటార్లు. బయట వసారా, తడి సిమెంటు నేల, పక్కన కుళాయి. ఆ మోతకు చెవులు గింగురుమన్నాయి. గుడ్డ తడిపి పిండి, వాడి నుదుటి మీద వేద్దామని భుజం మీద నుంచి దించబోయాను. వాడు బరువుగా ఉన్నాడు. మెడ వాలిపోయింది.

వాడి మొహం నా మెడకు అదుముకున్నాను. తర్వాత ఊపిరి వినిపించింది, వినిపించడం కాదు, ఆ మోతలో ఏం వినిపిస్తుంది, నా మెడకు తగిలింది. సన్నగా, తీరుగా, చల్లగా. నిద్రపోయాడు.

షెడ్డు ముందు స్టూలు మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. మోటార్ల కాపలా ఆయనదే. ఆ మోతలో నిద్రపోయిన పిల్లవాణ్నీ నన్నూ చూసి, హిందీలో గట్టిగా అడిగాడు, "సాంచా వాళ్లా?"

తల ఊపాను.

"నేనూ ముప్పై ఏళ్లు నడిపాను. మా పిల్లలూ ఇంతే. ఊరికి తీసుకుపోతే రాత్రంతా ఏడ్చేవాళ్లు," అని, లేచి తన స్టూలు నాకు తోశాడు.

నేను స్టూలు మీద కూర్చోలేదు. నేల మీదే కూలబడ్డాను. నేల సన్నగా వణుకుతోంది, మా గదిలో నేల లాగే. అప్పుడు తట్టింది నాకు. సాంచాల సెలవు రోజున మా వీధిలో ఏ పిల్లా మధ్యాహ్నం పడుకోదు. నాయిన ఇంటికాడ ఉన్నడని ఎగురుతున్నరు అని ఇన్నేళ్లూ తిట్టాం, వీపు మీద ఒకటి వేశాం కూడా. వాళ్లు పుట్టింది ఆ చప్పుడులో. దాన్ని తీసేసి పండుకొమ్మంటే వాళ్లకు నిద్ర ఎట్లా వస్తుంది? అంత వెతికి నేను నిశ్శబ్దాన్ని ఎంచుకున్నాను.

ముసలాయనను వసారాలో ఉండవచ్చా అని అడిగితే, లోపలికి రాకపోతే చాలన్నాడు. ఆయనే పోయి చెట్ల కింద ఉన్నవాళ్లను పిలుచుకొచ్చాడు. చీరలు మళ్లీ పరిచాం. పక్కింటామె కూతురు, ఏడుపు ఆపని పిల్ల, చీర మీద ఒరగగానే నిద్రలోకి పోయింది. ఒకరి తర్వాత ఒకరు ఎనిమిది మందీ పడుకున్నారు. నాతో ఉన్న ఆడవాళ్లలో ఇద్దరు గోడకు చేరగిలబడి వాళ్లూ కళ్లు మూశారు. ఆ ముసలాయన పేరు కూడా అడగలేదు. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు ఆయన బాగుండాలని అనుకుంటాను.

ఒక తప్పు చేశాను. మేం చోటు మారామని కోడలికి ఎవరితోనూ చెప్పి పంపలేదు. ఆమె చెట్ల కిందికి వచ్చి చూస్తే ఎవరూ లేరు. కొలను గట్టు మీదుగా పరుగెత్తుకొస్తూ కనిపించింది నాకు, ఒక చెప్పు లేదు, నోరు తెరిచి ఏదో అరుస్తోంది. ఆ మోతలో నా గొంతు ఆమెకు అందదు. లేవబోతే వాడి తల నా తొడ మీద. చెయ్యి ఎత్తి ఊపాను.

దగ్గరికొచ్చి ఆగింది. రొప్పుతోంది. ఎనిమిది మంది పిల్లల్ని చూసింది, మోటార్ల షెడ్డును చూసింది, మోకాళ్ల మీద కూర్చుని వాడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు ఉంచింది. చెయ్యి వేసింది కనుక నా పాళీ అయిపోయింది. వాడి తల కింద చెయ్యి పెట్టి మెల్లగా ఆమెకు అందించబోయాను.

ఆమె నా భుజం పట్టి కూర్చోబెట్టింది. సాంచాల మధ్య గొంతు పనికిరాదు కాబట్టి మావాళ్లంతా పెదాలతోనే మాట్లాడుకుంటారు, పిల్లలకు కూడా వస్తుంది. ఆమె కూడా అలాగే అంది.

"కూసో. ఇంక నీ పాళీనే."

నా కొంగు సర్ది, ఎండ పడుతున్న వైపు గుడ్డ వేలాడదీసి, ఒంటి చెప్పుతో నీళ్ల వైపు వెళ్లిపోయింది. ఈసారి తల తిప్పలేదు.

మూడింటికి పిల్లలు లేచారు. సాయంత్రం దాకా ఆడారు. నేను మాత్రం బస్సెక్కేదాకా మనిషిలా లేను. కాళ్లు ఒక పక్క, నడుము ఒక పక్క. మర్నాడు మళ్లీ చీరల కట్ట వచ్చింది, మళ్లీ కత్తెర. అన్నం గంట దాటింది. పరుగున వచ్చే అడుగుల కోసం గడప వైపు చూశాను. ఆమె రాలేదు. పొద్దున పోతూ డబ్బాలో తన అన్నం కట్టుకుపోయిందని అప్పుడు గుర్తొచ్చింది.

వాడికి తినిపించి, పక్కన పడుకోబెట్టుకున్నాను. గోడ అవతల సాంచాలు నడుస్తున్నాయి. పటం సన్నగా వణుకుతోంది. లేచి దండం పెట్టుకుందామంటే వాడు నా కొంగు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయాడు. కూర్చున్న చోటే పెట్టుకున్నాను.