పరిగెలు ఇసుకెక్కిన రోజు

కరోనా తగ్గాక, నల్ల తామర పురుగు పల్నాడు మిర్చిని ఊడ్చిపెట్టిన ఏడాదికి మరుసటి ఏడు అది. శ్రావణ మాసం. గురజాల బస్టాండుకు దగ్గర్లో నాది పురుగుమందుల షాపు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కౌంటరు వెనకే ఉన్నాను. ఉన్నానంటే కూర్చున్నానని కాదు. ఒకచోట కుదురుగా ఉండటం నా ఒంట్లో లేదు. రైతు తన బాధ సగం చెప్పేసరికే నా చెయ్యి ర్యాకులో డబ్బా మీదికి పోతుంది. "ముందు చెప్పేది పూర్తిగా వినండి" అని మా ఆవిడ ఇంట్లో అంటుంది, రైతులు షాపులో అంటారు.

మా వ్యాపారంలో సరుకు అమ్మడం ఒక పని, మాట చెప్పడం ఇంకో పని. ప్రతి డబ్బా మీదా ఒక చదరపు గుర్తు, దాని కింది సగంలో ఒక రంగు ఉంటాయి. ఎరుపైతే మహా విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. దాన్ని టాక్సిసిటీ లేబుల్ అంటాం. ఆ రంగు మనిషికి ఎంత ప్రమాదమో చెబుతుంది గానీ చేపకు ఎంత ప్రమాదమో చెప్పదు. సింథటిక్ పైరెత్రాయిడ్స్ అని ఒక రకం మందులున్నాయి. మనిషి ఒంటి మీద పడితే మంట పుట్టి ఊరుకుంటాయి, చేపలున్న నీళ్ళలో కొంచెం కలిసినా చేప బతకదు. ఆ సంగతి లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అందుకే ఆ రకం మందు చేతికిచ్చేటప్పుడు ఒక మాట చెప్పాలి: "మందు కొట్టిన ట్యాంకును నీళ్ళ ఒడ్డున కడగొద్దు, చేలోనే కడిగి చేలోనే పొయ్యి." తీరిక ఉన్న రోజు చెప్పేవాణ్ణి. తీరిక లేని రోజులే ఎక్కువ.

ఆ రోజు పొద్దున షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. ఆడమనిషి గొంతు.

"గురజాల మందుల షాపాయనేనా? నీ డబ్బా మీద నంబరు చూసి చేస్తన్నా. నా పేరు పోలమ్మ. ఈడ పరిగె చేపలన్నీ ఒడ్డుకొచ్చి చస్తన్నయి. నీ మందే. వస్తవా, మమ్మల్నే రమ్మంటవా?"

ఊరి పేరు చెప్పింది. దాచేపల్లి దాటాక, కృష్ణ బ్యాక్ వాటర్ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పదిళ్ళ చేపల వాళ్ళు, మిగతా అంతా మిర్చి, పత్తి రైతులు. పేరు ఇక్కడ రాయను. ఆ ఊరి నుంచి నా దగ్గరకు వచ్చేవాడు ఒక్కడే, కోటయ్య. నీళ్ళ ఒడ్డున మూడెకరాలు కౌలుకు చేస్తాడు. అంతకు వారం ముందే పైరెత్రాయిడ్ తీసుకుపోయాడు. ఆ రోజు షాపు నిండా జనం. వాడికి ఆ మాట చెప్పానా, చెప్పలేదా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. కౌంటరు ఈ చివర నుంచి ఆ చివరకు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి ఎత్తిన షట్టరు మళ్ళీ దించి బండి తీశాను.

దారి పొడవునా నా బుర్రలో రెండు ఆలోచనలు కొట్టుకున్నాయి. వాడు బాగుండాలని ఒకటి. చెప్పాననే అనేసి నేను బయటపడాలని ఇంకొకటి. రెండోదే గట్టిగా ఉందని ఒప్పుకుంటే నాకిప్పుడు పోయేదేమీ లేదు.

నేను వెళ్ళేసరికి ఒడ్డున యాభై మంది దాకా ఉన్నారు. కుర్రాళ్ళు కోటయ్య చేనుకు నీళ్ళు తోడే ఆయిలింజను ఒడ్డు దగ్గర నుంచి లాగేసి వేపచెట్టు కింద పెట్టారు. పైపులు చుట్టలు చుట్టి పక్కన పడేశారు. కోటయ్య దాని పక్కనే గొంతుక్కూర్చుని నేల గీకుతున్నాడు. ఊరి పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు.

"పొలం గలాయన నరసరావుపేటలో ఉంటాడు భాయ్. ఫోన్ చేశాం. గొడవలు నాకొద్దు, కౌలు తీసేయండి అన్నాడు. నువ్వొచ్చి నీ మందే అంటే మధ్యాన్నానికి వీడు ఖాళీ జేయాల."

మిర్చి నారు నాటి పది రోజులు కాలేదు. దుక్కి, నారు, కౌలు అన్నీ పెట్టేశాడు. ఇప్పుడు తీసేస్తే వాడికి ఆ ఏడు లేనట్టే. అది అక్కడున్న అందరికీ తెలుసు.

పోలమ్మ ముందుకొచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా తడి చీర. లీటరు ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టింది. దాని మీద నా షాపు స్టిక్కరు, నా పేరు, నంబరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అప్పటికే నా చెయ్యి జేబు రుమాలు కోసం వెతుకుతోంది.

కోటయ్య లేచి నా దగ్గరకు వచ్చాడు. "అన్నా, నేను ఈడ కడగలా. చేలోనే కడిగి చేలోనే పోశా. నా పిల్లల మీద ఒట్టు."

"నేను నీకు చెప్పానా అట్లా చెయ్యమని?" అని గుసగుసగా అడిగాను. చూడండి, అప్పుడు కూడా నా గొడవే నాది.

వాడు నా మొహంలోకి చూశాడు. "నువ్వు చెప్పలా అన్నా. షాపులో జనం ఉన్నరుగా. పోయినేడు ఇక్కడ చేపలు చచ్చినయి. అప్పుడు చూశా. అప్పట్నుంచి నా అంతట నేనే ఈడ కడగట్లా."

నేను నీళ్ళ దగ్గరకు నడిచాను. అక్కడ ఒడ్డు ఒకప్పుడు రాయీ, తుంగా. ముందటి వేసవిలో ఎవరో ఇసుక తోలుకుపోతూ మిగిలింది అక్కడే వదిలేశారు. పైనుంచి వరద వచ్చి నీళ్ళు పెరిగాక ఆ ఇసుక ఏటవాలుగా పరుచుకుని, బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డులా తయారైంది. రాత్రి కింద ప్రాజెక్టు గేట్లు ఎత్తారేమో, నీళ్ళు జానెడు తగ్గాయి. ఆ తడి ఇసుక మీద చిటికెన వేలంత పరిగెలు వందల్లో పడి ఉన్నాయి. కొన్ని చచ్చాయి, కొన్ని ఇంకా ఎగురుతున్నాయి. బెత్తెడు లోతు నీళ్ళలో ఇంకో గుంపు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటోంది. నీళ్ళు ఉడుకుతున్నట్టున్నాయి. చూసిన వాడెవడైనా విషమే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను.

అప్పుడు ఆ చేపల మధ్య నుంచి ఒక పురుగు జారుకుంటూ పోయింది. నీళ్ళ మీద సన్నటి కాళ్ళు చాపి స్కేటింగు చేసినట్టు పోతాయే, అది. దాని వెనక ఇంకో నాలుగు. ఇంకాస్త వంగి చూస్తే ఇసుక అంచున గోరంత రొయ్య పిల్లలు గంతులేస్తున్నాయి.

నాకు ప్రాణం లేచి వచ్చింది. నేను చేపల డాక్టరును కాదు. కానీ ఇన్నేళ్ళు నేను అమ్మింది పురుగుల మందు. అది పడిన నీళ్ళలో ముందు చచ్చేది పురుగు, దాంతోపాటు రొయ్య, ఆ తర్వాత చేప. చేపలు చచ్చి పురుగులు చిందులేస్తున్నాయంటే అది నా సరుకు చేసే పని కాదు. యాభై మంది చేపల్నే చూస్తున్నారు. పురుగును చూసే కళ్ళు అక్కడ నాకొక్కడికే ఉన్నాయి, అదీ పొట్టకూటి కోసం అలవాటైన చూపు.

మరి చేపలెందుకు ఒడ్డెక్కాయి? అప్పుడు ఆ వీడియో గుర్తొచ్చింది. ఎండాకాలం బేరాల్లేని మధ్యాహ్నాల్లో ఫోనులో అదీ ఇదీ చూస్తుంటాను. ఎక్కడో విదేశంలో సముద్రం. పౌర్ణమి పోటుకు అలతో పాటు వెండి రేకుల్లాంటి సన్నటి చేపలు వేలకు వేలు ఇసుక మీదికి ఎక్కుతాయి. ఆడ చేప తోక కిందికి పెట్టి ఇసుకలో సగం దిగి నిలబడుతుంది, గుడ్లు అక్కడ పెట్టి తర్వాతి అలకు వెనక్కి పోతుంది. ఆ గుడ్లు ఇసుకలోనే ఉండి మళ్ళీ పెద్ద పోటు వచ్చినప్పుడు పిల్లలవుతాయి. షాపుకొచ్చిన వాళ్ళకు చూపిస్తే "గ్రాఫిక్స్ లే భాయ్" అని నవ్వారు. సముద్రపు చేప వేరు, మన పరిగె వేరు. పరిగె మామూలుగా వరదకు ఎదురెక్కి చేలల్లోకి వచ్చి గడ్డిలో గుడ్లు పెడుతుంది. ఇక్కడ గడ్డి లేదు, పల్చటి నీళ్ళున్నది ఈ ఇసుక మీదే.

"కదలొద్దు! మీ కాళ్ళ కింద గుడ్లున్నయి!" అని అరిచాను.

పురుగుల సంగతి, రొయ్యల సంగతి గబగబా చెప్పాను. నేను గబగబా చెబితే నిజం కూడా అబద్ధంలా వినిపిస్తుంది. ఒక కుర్రాడు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"నీ సరుకు గాబట్టి నువ్వట్టనే అంటవ్. విషం లేదంటన్నవ్ గదా, ఏదీ, ఆ నీళ్ళు దోసెడు తాగు చూద్దాం."

అందరూ నన్నే చూశారు. నేను డబ్బా పక్కన పెట్టి, వంగి దోసిలి ముంచాను. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. నేను తాగలేదు. అబద్ధమెందుకు, తాగలేకపోయాను. విషం లేదని నాకు ఖాయంగా తెలుసు. కానీ ఈ నీళ్ళలోకి ఏడాది పొడవునా ఏమేం దిగుతాయో కూడా నాకే ఎక్కువ తెలుసు. కుర్రాళ్ళు ఘొల్లున నవ్వారు. కోటయ్య తల దించుకున్నాడు.

ఇసుక మీది నుంచి ఒక పరిగెను తీసి పోలమ్మ చేతిలో పెట్టాను. "నా మాట వద్దక్కా. చేప గురించి నువ్వు చెప్పు. నువ్వేదంటే అదే."

ఆమె చేపను చూడలేదు. కోటయ్యను చూసింది, చెట్టు కింద ఇంజనును చూసింది. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకుతున్నట్టుంది, అయినా జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడ్డాను. చివరికి ఆమె చేప కడుపును బొటనవేలితో మెల్లగా నొక్కింది. ఆవగింజల కన్నా చిన్న గుడ్లు జారి అరచేతిలో పడ్డాయి.

"గుడ్డు చేపరా ఇది" అంది పెద్దగా. "పల్చన నీళ్ళనుకొని గుడ్డు పెట్టబోయినయి. నీళ్ళు తీసినయి, ఇసకన పడ్డయి. మందు గాదు. ఇంజను ఆడ పెట్టి రాపోండి."

కుర్రాడు ఏదో అనబోయాడు. "ఒరేయ్, నీకంటే ముందు నీ అమ్మకు వల పట్టడం నేర్పింది నేను, పో" అంది. వాడు పోయాడు. ఊరి పెద్ద అక్కడే నిలబడి నరసరావుపేటకు ఫోను చేసి, పొరపాటైంది, కౌలు తీసేసే మాట వదిలేయమన్నాడు. కోటయ్య పైపుల చుట్ట భుజాన వేసుకుని నా పక్కగా నీళ్ళ వైపు పోయాడు. ఆడవాళ్ళు కొంగుల్లో బతికున్న పరిగెలు ఎత్తి నీళ్ళలో వదిలారు. ఆ విదేశపు చేప గుడ్లు మళ్ళీ అల వచ్చేదాకా ఆగుతాయి, మన పరిగె గుడ్లకు అంత ఓపిక లేదు. నీళ్ళ కిందున్నవే బతకాలి. ఆ మేర ఎవరూ దిగకుండా పోలమ్మ రెండు కర్రలు పాతి తాడు కట్టించింది.

జనం పలచబడ్డాక నేను డబ్బా తిప్పి చూశాను. డబ్బా మీద బ్యాచ్ నంబరు అని ఉంటుంది, ఏ విడతలో తయారైందో చెప్పే గుర్తు. మా రిజిస్టరులో రాసుకోవాలి కాబట్టి నాకు అవి కంటికి తెలుస్తాయి. ఇది కోటయ్యకు ఇచ్చిన సరుకు కాదు, పోయినేటిది. మెడ చుట్టూ నైలాను తాడు ఒరిసిన గీత కూడా ఉంది.

"ఇది నీ వలకు కట్టిన డబ్బా గదా అక్కా?"

వల తేలడానికి ఖాళీ డబ్బాలు కట్టడం అక్కడ అందరూ చేసేదే. ఆమె దాచలేదు.

"అవును. పోయినేడు చేపలు నిజంగా చచ్చిన రోజు నీళ్ళ మీద తేల్తా దొరికింది. చానా చచ్చినయి. ఎవడు కడిగిండో తెలవదు. ఇదే నంబరుకి మూడుసార్లు ఫోన్ చేసినా, నువ్వెత్తలా."

నాకు తెలియని నంబర్లు హడావుడిలో ఎత్తను. అది నిజం.

"ఇయాల పొద్దున చూసి మళ్ళా మందే అనుకొని భయపడ్డా. ఫోన్ చేసినాక ఒక చేపను పట్టుకుంటే గుడ్డు చేతికొచ్చింది. తెలిసిపోయింది. తెలిసినా నోరు మూసుకున్నా. ఒక్కసారన్నా నువ్వొచ్చి చూడాల అనుకున్నా. కుర్రోళ్ళు కోటయ్య మీద పడతరనుకోలా. అది నా తప్పే." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వు తాగలేకపోయిన నీళ్ళే భాయ్, పడవల మీద మేం రోజూ తాగేది."

ఆ రోజు నేను గెలిచాననే అనుకుంటూ ఉన్నాను అప్పటిదాకా. పోయినేడు ఆ బ్యాచ్ కొన్నవాళ్ళు ముప్పై, నలభై మంది. వాళ్ళలో ఎవరికి ఆ మాట చెప్పానో, ఎవరికి చెప్పలేదో అల్లాకే తెలియాలి.

"ఈ డబ్బా నాకిచ్చెయ్యక్కా" అన్నాను.

"ఇయ్యను" అంటూ నా చేతిలోంచి తీసుకుంది. "వల మీదే ఉండనీ. నీ పేరు కనపడతా ఉండాల."

అప్పటి నుంచి ఆ రకం మందు ఇచ్చే ముందు డబ్బా నా చేతిలోనే పట్టుకుని ఆ మాట చెబుతాను. రైతు తిరిగి నాకు చెప్పేదాకా వదలను. వెనక నలుగురు నిలబడి గొణుగుతారు, గొణగనీ. ఖాళీ డబ్బాలు వెనక్కి తెమ్మంటాను, సగం మంది తెస్తారు. తెలియని నంబరు మోగితే ఎత్తుతాను. నిర్దోషినని తేలిన రోజే నా తప్పు నాకు తెలిసింది. ఆ ఒడ్డు నాకు నేర్పింది అదే.

మొన్న తొలకరికి కోటయ్య పెసర చేనుకు కొట్టే మందు కోసం వచ్చినప్పుడు, నేను నోరు తెరిచేలోపే ఆ మాట అప్పజెప్పి నవ్వాడు. పోలమ్మక్క ఎట్లుందని అడిగాను.

"బాగానే ఉంది. నీ డబ్బాకి స్టిక్కరు ఊడిపోతందని పైన ప్లాస్టర్ చుట్టింది అన్నా."