తెర మీద కట్టిన తాళి

సర్వలోకాలనూ నడిపించే స్వామికి స్తోత్రం. నోటికి పాటను, పాటకు సత్యాన్ని ఇచ్చిన ఆ దయామయునికి వెయ్యి దండాలు.

మొన్న ఒక పెళ్లి పందిట్లో తడి పసుపుతాడు వాసన తగిలింది. అందరూ అక్షింతలు వేస్తుంటే నా చెయ్యి లేవలేదు. నర్సవ్వక్క గుర్తుకొచ్చింది, వెంటనే కోపం వచ్చింది. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు.

ఎల్లారెడ్డిలో ఆమెది మా పక్కిల్లు. ఆమె, భర్త ఎంకటయ్య భాగోతం ఆడేవారు. ఏటా దేవుని కల్యాణం ఆటలో ఆయన స్వామి, ఆమె అమ్మవారు. మా భజన సమాజంలో నాకు కీర్తన నేర్పింది ఆమే. నేను మురిసిపోతూ రాగం సాగదీస్తే తాళం ఆపేసేది. "నీ గొంతు నువ్వే ఇనుకుంటున్నవు తమ్మీ. దేవుని గూడ జర ఇననియ్యి," అనేది.

టాకీ వాళ్లు ఆమె పాట విని మద్రాసుకు పిలిచారు. ఎంకటయ్యే రైలెక్కించి వచ్చాడు. ఆయనకు వాళ్లు వేషం ఇవ్వలేదు. ఏడాది తిరిగేసరికి కామారెడ్డి గోడల మీద ఆమె బొమ్మలు వెలిశాయి. మొదట్లో ఆయన అందరికీ చూపించి మురిశాడు. జనం తనను 'నర్సవ్వ మొగడు' అనడం మొదలుపెట్టాక ఆ గోడలున్న వీధే మానుకున్నాడు.

కామారెడ్డిలో డేరా వేసి ఆ టాకీ ఆడితే సమాజమంతా బండ్లు కట్టుకుని పోయాం. దేవుని టాకీ అని కొబ్బరికాయలు, అక్షింతలు కూడా పట్టుకుపోయారు. తెర మీద దేవుని పెళ్లి వచ్చింది. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే ఎవరో అందగాడు నర్సవ్వక్క మెడలో తాళి కట్టాడు. సమాజం పెద్ద పటేలు లేచి తెర మీదికి అక్షింతలు చల్లాడు. ఆయన్ను చూసి చాలామంది చల్లారు.

ఊరికి తిరిగొచ్చాక ఆ పటేలే తీర్పు చెప్పాడు. మంత్రం పడింది, అక్షింతలు పడ్డాయి, ఇక ఆమె ఎంకటయ్య భార్య కాదన్నాడు. చల్లింది తన చెయ్యే అన్న సంగతి ఆయన నోటికి రాలేదు.

కల్యాణం ఆట ఆడడానికి నర్సవ్వక్క ఊరికి వచ్చింది. ఆట పందిట్లో అందరి ముందూ పటేలు అదే మాట అన్నాడు.

"పటేలా, మా ఆయన ఏటేట ఆటల రాక్షసుని తల నరుకుతడు. పొద్దుగాల ఆ రాక్షసుడే నీ పక్కన కూసోని బీడీ తాగుతడు. మరి గా తల తెగినట్టా, తెగనట్టా?"

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. భర్త వైపు తిరిగి, "నువ్వు చెప్పు. నేను నీ పెండ్లాన్నా, కాదా?" అంది.

ఇప్పుడు ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే. స్వామి వేషంలో ఉన్న ఎంకటయ్య కిరీటం సర్దుకున్నాడు.

"పదిమంది గట్లంటుంటే నేనేం జేత్తనే," అన్నాడు.

పిరికివాడు. నర్సవ్వ మొగడన్న పేరు వదిలించుకోవడానికి ఆయనకు దేవుని పేరుతో దారి దొరికింది. తీసుకున్నాడు.

పటేలు పుస్తెలు తీసి పెట్టమన్నాడు. "దేవుని ముంగట కట్టించుకున్న. తియ్యుమననీకి నువ్వెవ్వలు?" అని ఆమె బండెక్కి కామారెడ్డి స్టేషనుకు పోయింది. మళ్లీ రాలేదు. అదే పందిట్లో ఎంకటయ్య అమ్మవారి వేషంలో కొత్త పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కల్యాణం ఆడాడు. సమాజం హారతి పట్టింది. నేను పట్టలేదు.

ఇప్పుడు సమాజంలో ఎవరి మీదైనా ఎవరైనా శాస్త్రం ఎత్తితే, ఆ మాటతో ఎవరి పని సులువవుతుందో ముందు అడుగుతాను. తగవులమారి అంటారు. అననీ.

చదివేవారలారా, నాతో కలిసి చేతులు జోడించండి. స్వామీ, నీ పేరును మా పిరికితనానికి ముసుగు కానివ్వకు. నా కోపం తగ్గించమని అడగను. అది నాదైతే తీసుకో, నీదైతే ఉండనివ్వు.