సేటు కనబడితే ఆగే బండి

ఆ రోజుల్లో ఐటీఐ పాసైన ప్రతివాడికీ కరెంటు తన మాట వింటుందని ఒక భ్రమ ఉండేది. నాకు కాస్త ఎక్కువే ఉండేది. తొంభైల మొదట్లో సూర్యాపేటలో మోటార్లు బాగుచేసే ఉస్తాద్ దగ్గర చేరిన మూడో నెలలోనే ఆయన నన్ను ఒంటరిగా మిర్యాలగూడ పంపాడు. అక్కడి రైస్ మిల్లు సేటు ఒకాయన ఇంటిముందు గడ్డి కొయ్యడానికని హైదరాబాద్ వేలంలో బ్యాటరీతో నడిచే చిన్న తోట ట్రాక్టర్ కొన్నాడు. (ఊరినిండా బర్రెలుండగా గడ్డికి ట్రాక్టర్ ఎందుకని తోటపని చేసే తాత అడిగాడట.) తాత నడుపుతుంటే బండి బంగారంలా నడిచేది. సేటు వరండాలోకి రాగానే ఆగిపోయేది.

"నా మీద పగబట్టినట్టుంది పిలగా," అన్నాడు సేటు. "పొద్దుగాల సంది మంచిగనే నడుస్తదంట. నేను సూద్దామని వస్తె ఖతం."

ఆ బండి చేతి మీట ఒకసారి ముందుకు తోస్తే దానంతటదే పోతూ ఉండేది. బ్రేకు పెడల్ దగ్గర ఒక స్విచ్, సీటు కింద ఇంకో స్విచ్. పెడల్ తొక్కగానే ముందు కరెంటు తెగాలి, ఆ తర్వాత బ్రేకు పట్టాలి. సీటు మీద మనిషి లేకపోతే మోటారు తిరగకూడదు. మొదటిసారి వెళ్ళినప్పుడు బ్రేకు పట్టేసిందని నట్టు వదులు చేశాను. రెండోసారి పెడల్ స్విచ్‌కి పోస్టుకార్డు మందం సందు పెట్టాను. రెండుసార్లూ నేను నడిపి చూస్తే బండి బుద్ధిగా తోటంతా తిరిగింది. నేను బస్సు దిగేలోపే సేటు ఫోన్ ఉస్తాద్‌ని చేరింది. "మూడోసారి ఫోనొస్తె గాడ్నుంచి గటే కోదాడ పో, మీ ఇంటికి," అన్నాడు ఉస్తాద్. మా నాన్న అప్పటికే కోదాడంతా నన్ను ఇంజనీరుని చేసేశాడు. ఏ మొహంతో పోను?

మూడోసారి తాతని నిలదీశాను. "నేనేం ముట్టలే బిడ్డా. సేటు వచ్చిండు, అదే ఆగింది," అన్నాడు పాపం. ఇక మిగిలింది సీటు స్విచ్. "గది మనిషి పానం కాపాడేది, ఎన్నడు డైరెక్ట్ కలపకు" అని ఉస్తాద్ వంద సార్లు చెప్పాడు. కానీ కొత్త స్విచ్ ఎక్కడా దొరకదు, ఉన్న ఉద్యోగం పోయేలా ఉంది. ఆ స్విచ్‌ని తప్పించి రెండు తీగలూ కలిపి టేపు చుట్టేసి, "ఇక ఆగదు సార్" అని సేటుకు మాటిచ్చాను.

ఆ మాట మాత్రం నిజమైంది. సాయంత్రం సేటు టీ గ్లాసుతో వరండాలోకి వచ్చాడు. తాత ఆయన్ని చూడగానే సీటు మీంచి లేచి, కిందికి దిగి, భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. తాత పక్కనే నేనూ జోడించాను. బండి మాత్రం చప్పుడు లేకుండా ముందుకు పోయింది. ఇన్నాళ్ళూ తాత లేవడం వల్లే అది ఆగేదని నాకు అప్పుడు తట్టింది. తట్టిందే గాని, సేటు ఎదురుగా జోడించిన చేతులు దించే ధైర్యం మా ఇద్దరికీ లేదు. బండి రెండు పూలకుండీలు పగలగొట్టి వరండా మెట్లను గుద్దుకుని అక్కడే చక్రాలు తిప్పుతుంటే, సేటు టీ గ్లాసుతో సహా వరండాలోని మంచం ఎక్కాడు. అప్పుడు పరుగెత్తి తాళం తిప్పి బండి ఆపాను.

"మీరిద్దరు నిలబడి ఏం జేస్తున్నరయ్యా?" అన్నాడు సేటు మంచం మీంచే.

"మొక్కుతున్నం దొరా," అన్నాడు తాత.

తీగల సంగతంతా చెప్పేశాను. సేటు మెల్లగా మంచం దిగి, "తీగెలు ఇప్పి ఎట్లుండెనో అట్లనే పెట్టు. తాతా, ఇగ నేనొస్తె లేవకు," అన్నాడు. తాత తలదించుకున్నాడు. "గది నాతోని కాదు దొరా. కాళ్ళే లేస్తయ్."

ఆ తర్వాత గడ్డి కోస్తున్నంతసేపూ సేటే కిటికీ పరదా చాటు నుంచి చూసేవాడని విన్నాను. ఉస్తాద్‌కి మూడో ఫోన్ రాలేదు. మనసు ఆగక నేనే చెప్పాను. ఉద్యోగం ఉంచాడు గాని నెల రోజులు నన్ను టెస్టర్ ముట్టనివ్వలేదు.

ఇప్పుడు సూర్యాపేటలో నాదే ఒక షాపు. నేను లోపలికి పోతే పని నేర్చుకునే పిల్లలు తల కూడా ఎత్తరు. "సార్, వెలుతురుకు అడ్డమున్నరు, జర జరుగుండ్రి," అంటారు. మొదట్లో రోషం వచ్చేది. కానీ తిరిగే మోటారు ముందు ఎవరొచ్చినా లేవొద్దని వాళ్ళకు నేర్పింది నేనేగా, నోరు మూసుకుని పక్కకు జరుగుతాను. అయినా నాకో చిన్న ఆశ ఉంది. మోటార్లన్నీ ఆగి, చేతిలో ఏ పనీ లేనప్పుడు, ఒక్కడంటే ఒక్కడు నన్ను చూసి సగం లేచినా చాలు. వెంటనే కూర్చోమంటాను.